బిందె రోజూ తోముతాం... మరి సంపు?

మా అక్క కొడుకు అమెరికాలో ఉంటాడు. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. ఆమధ్య ఒక ఆదివారం ఫోను రాలేదు. నేనే చేశాను.

''మామా, ఇప్పుడు కుదరదు. చేతులకు గ్లవుజులున్నాయి. ట్యాంకుకు బ్లీచు పడుతున్నా. నాలుగ్గంటలాగి చేస్తా'' అని పెట్టేశాడు.

వాడి దగ్గర ఒక మోటార్‌హోం ఉంది. పాతదే, ఎవరి దగ్గరో కొన్నాడు. బస్సంత బండి. అందులోనే మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉంటాయి. వేసవి సెలవుల్లో పిల్లలనూ పెళ్లాన్నీ ఎక్కించుకుని కొండలకూ అడవులకూ పోతాడు. ఆ బండికో నీళ్ల ట్యాంకుంటుంది. బండిని బట్టి నూటయాభై నుంచి నాలుగు వందల లీటర్ల దాకా పడుతుంది. చలికాలమంతా బండి కదలదు. కాబట్టి కొత్త సీజన్లో మొదటి ప్రయాణానికి ముందు ఆ ట్యాంకునీ, దాని గొట్టాలనీ, కొళాయిలనీ క్లోరిన్ నీళ్లతో నింపి, కొన్ని గంటలు అట్లాగే ఉంచి, అంతా వదిలేసి, మంచినీళ్లతో కడుక్కోవాలి. బండి కొన్నప్పుడిచ్చే పుస్తకంలోనే ఆ పద్ధతంతా ఉంటుందట.

రాత్రికి మళ్లీ ఫోను చేశాడు. ఇదంతా చెప్పి, ''ఏడాదికి ఇరవై రోజులు తిరిగే బండి మామా. అయినా ఇది చేయకుండా పిల్లల చేత గుక్కెడు నీళ్లు తాగించను'' అన్నాడు. ఊరికే ఉండక చివర్లో ఒక మాటడిగాడు. ''ఇంతకీ మన మదనపల్లె ఇంట్లో సంపు ఎప్పుడు కడిగారు మామా?''

నాకు జవాబు రాలేదు. వంటింట్లో ఉన్న మా ఆవిడను అడిగాను. ఆమె చేతిలోని బిందెను చింతపండుతో తోముతూనే ఆలోచించింది. ''పెద్దోడి పదో తరగతి అప్పుడు కదండీ?'' అంది. పెద్దోడు ఇప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు!

పాత్ర పెరిగింది, తోమడం పోయింది

చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. బావి నుంచి నీళ్లు తెచ్చే రోజుల్లో ఇంట్లో రెండు ఇత్తడి కాగులు, నాలుగు బిందెలు ఉండేవి. తెల్లారుతూనే అడుగున మిగిలిన పాత నీళ్లు చెట్లకు పోసి, చింతపండూ బూడిదా వేసి తళతళలాడేలా తోమి, అప్పుడు కొత్త నీళ్లు పట్టేది. పాచి నీళ్ల మీద కొత్త నీళ్లు పోస్తే ఊరుకునేది కాదు.

ఇప్పుడు మన ఇళ్లలో కాగు పెద్దదైంది. నేలలో ఐదు వేల లీటర్ల సంపు. మేడ మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. వాటి మధ్య గోడల్లోంచి పోయే గొట్టాలు. పాత్ర పెద్దదయ్యేసరికి దాన్ని తోమాలన్న సంగతే మరిచిపోయాం. పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోస్తున్నాం. ఒక రోజూ రెండు రోజులూ కాదు, ఏళ్ల తరబడి.

అందులోనూ మనది పడమటి మండలాల సంగతి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... గాలి చల్లగా ఉంటుంది గానీ నీళ్లకు మాత్రం ఎప్పుడూ కటకటే. బాహుదాలో, పాలారులో నీళ్లు కనబడేది వాన వెలిసిన కొన్నాళ్లే. బోర్లు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చోట్లున్నాయి. కృష్ణా నీళ్లను శ్రీశైలం జలాశయం దగ్గర ఎత్తిపోసి, హంద్రీనీవా కాలువల్లో వందల కిలోమీటర్లు నడిపించి, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా 2025 ఆగస్టులో కుప్పం వైపు పారించారు. చూసి మురిసిపోయాం. అయితే అంత దూరం నుంచి వచ్చిన నీళ్లయినా చివరికి మన నోట్లో పడేముందు మన సంపులోనే దిగాలి కదా! అక్కడ పాచి ఉంటే అంత ప్రయాణమూ ఏమైనట్టు?

వేసవిలో మన వీధుల్లో ట్రాక్టరు ట్యాంకర్లది రాజ్యం. ఒక్కోసారి ఒక్కో బోరు దగ్గర పట్టుకొస్తారు. ట్యాంకరు లోపల ఎప్పుడు కడిగారో మనకు తెలీదు. గొట్టం రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చి, దాని కొసను నేరుగా మన సంపులోకి వదులుతారు. నీళ్లు దొరికాయన్న సంతోషంలో మనమూ ఏమీ అనం.

కుప్పంలో మా చెల్లెలి ఇల్లు

మా చెల్లెలు కుప్పంలో ఉంటుంది. పోయిన వేసవిలో వాళ్ల పాపకు జ్వరం పట్టుకుంది. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుందని చూశారు. వారం దాటింది. రక్త పరీక్ష చేస్తే టైఫాయిడ్. పద్నాలుగు రోజులు మందులు. ఎనిమిదేళ్ల పిల్ల, చేయి పట్టుకుంటే ఎముకలే తగిలాయి.

మా చెల్లెలికి ఒకటే ఆశ్చర్యం. ''ఇంట్లో ఫిల్టరుంది కదన్నా. కొళాయి నీళ్లు ఒక్క చుక్క తాగనివ్వను కదా!'' అంది. డాక్టరు చాలా నెమ్మదిగా అడిగాడట. ''పళ్లు తోముకునేది ఏ నీళ్లతోనమ్మా? కీరకాయ కడిగేది? కొత్తిమీర కడిగేది? గ్లాసులు, ప్లేట్లు కడిగేది? సరే, ఇంట్లో ట్యాంకు కడిగి ఎన్నాళ్లయింది?''

ఆ జ్వరం ట్యాంకు నీళ్ల వల్లనే వచ్చిందని ఎవరూ తేల్చలేదు. బడి బయట తిన్న ఐసు వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ మా బావ ఆ సాయంత్రం మేడెక్కి మూత తీశాడు. మూత పగిలి ఒక పక్క సందుంది. లోపల నీళ్ల మీద రెండు పావురం ఈకలు తేలుతున్నాయి. గోడ మీద చేయి పెడితే జర్రున జారింది. అడుగున బెత్తెడు బురద. ''చూసింది చాలన్నా. కారణం అదే కానీ కాకపోనీ, ఆ నీళ్లతో పిల్ల మొహం కడిగినందుకే నాకు ఏడుపొచ్చింది'' అంది చెల్లెలు.

ఆ జారుడే అసలు సంగతి. నీళ్లు నిలవ ఉన్న ఏ పాత్రలోనైనా గోడలకు ఒక జిగట పొర పడుతుంది. సూక్ష్మజీవులు తమ చుట్టూ తాము కట్టుకునే ఇల్లది. పైపైన క్లోరిన్ నీళ్లు తగిలినా ఆ పొర లోపలి వాటికి అంత తొందరగా ఏమీ కాదు. పైగా బురదా, పాచీ క్లోరిన్‌ను ముందే తినేస్తాయి. సూక్ష్మజీవుల దాకా పోయేసరికి అందులో సత్తువ మిగలదు. అందుకే ట్యాంకు కడగకుండా గుప్పెడు బ్లీచింగ్ పౌడరు పారబోసి 'శుభ్రం చేశాం' అనుకుంటే లాభం లేదు. ముందు తోమాలి. తర్వాతే మందు.

బట్టల పొడి, నీళ్ల మందు

ఈ బ్లీచింగ్ పౌడరు కథ కూడా తమాషాగా ఉంటుంది. ఇది నీళ్ల కోసం పుట్టింది కాదు. 1799లో స్కాట్లండులో చార్లెస్ టెన్నెంట్ అనే ఆయన బట్టలు తెల్లబరచడానికి దీనికి పేటెంటు తీసుకున్నాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1897లో, ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ అనే ఊళ్లో టైఫాయిడ్ చెలరేగితే, ఊరి నీళ్ల గొట్టాలను ఈ పొడి కలిపిన నీళ్లతోనే శుద్ధి చేశారు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ ఊరంతటికీ రోజూ క్లోరిన్ కలిపిన నీళ్లివ్వడం మొదలుపెట్టింది. అప్పుడక్కడ కోర్టు దాకా వెళ్లి పోట్లాడుకున్నారు. నీళ్లలో మందు కలపడమేమిటని! తర్వాత ప్రపంచమంతా అదే దారి పట్టింది.

మా పెద్దమ్మ పుంగనూరులో ఉంటుంది. ఎనభై దాటాయి. దొడ్లో పుంగనూరు ఆవొకటి, నడుమెత్తు కూడా ఉండదు. ఆమెకు ఈ సంగతి చెబితే కస్సుమంది. ''ఒరే నాయనా, ఆ మందు కంపు కొడితే మా ఆవు మూతి కూడా పెట్టదు. ఆవు ముట్టని నీళ్లు మనుషులు తాగేదెట్లరా? మా కాలంలో చిల్లగింజ అరగదీసి కాగులో కలిపితే తెల్లారేసరికి నీళ్లు అద్దంలా ఉండేవి'' అంది.

ఆమె మాటను కొట్టిపారేయలేం. చిల్లగింజగానీ, పటికగానీ నీళ్లలోని మట్టిని ముద్దకట్టించి అడుక్కి దించుతాయి. నీళ్లు తేరుకుంటాయి. తేరిన నీళ్లలో క్లోరిన్ ఇంకా బాగా పనిచేస్తుంది కూడా. కానీ అద్దంలా ఉన్న నీళ్లన్నీ మంచివి కావు. టైఫాయిడ్ క్రిమి కంటికి కనబడదు కదా. తేర్చడం వేరు, క్రిములను చంపడం వేరు. రెండూ కావాలి.

ఇక వాసన సంగతి. కొలత ప్రకారం వేస్తే వాసన కాసేపే. మూత లేని గిన్నెలో ఒక రాత్రి ఉంచితే చాలావరకు పోతుంది. ''అయితే నీ ఆవుకు రాత్రే తొట్టిలో పోసిపెట్టు పెద్దమ్మా'' అన్నాను. ఆలోచిస్తానంది. అంతదాకా ఒప్పుకుందంటే గొప్పే!

కొలత ఇదీ

అమెరికాలో మా అల్లుడు వాడే కొలతనూ మన కొలతనూ పక్కపక్కన పెట్టి చూశాను. బండి ట్యాంకుకు వాళ్లు లీటరు నీళ్లకు యాభై మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా చేసి, నాలుగు గంటలు ఉంచుతారు. మన సంపుకైనా, సింటెక్సుకైనా లెక్క అదే. క్రిమికి బండి, ఇల్లు తేడా లేదు.

మంచి బ్లీచింగ్ పౌడరులో కొత్తగా ఉన్నప్పుడు మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. డబ్బా తెరిచి ఉంచినా, చెమ్మ తగిలినా తగ్గిపోతుంది. నాలుగో వంతే ఉందని లెక్క వేసుకుంటే, వెయ్యి లీటర్లకు రెండు వందల గ్రాములు. పొడి ముద్దలు కట్టి, ఘాటు వాసన లేకపోతే అది చచ్చిన పొడి. కొనకండి.

అయితే ఒక చిక్కు. నీళ్లు కొనుక్కునే మన ఊళ్లలో వెయ్యి లీటర్లు నింపి, మందేసి, పారబోయడం ఎవరి వల్ల అవుతుంది? అక్కర్లేదు. తక్కువ నీళ్లతో ఇలా చేసుకోవచ్చు.

ట్యాంకరు రావాల్సిన ముందు రోజు చూసుకోండి. అప్పటికి ట్యాంకులో నీళ్లు అడుగంటి ఉంటాయి. మోటారు స్విచ్చి ఆపి, ఫ్యూజు కూడా తీసేయండి. మిగిలిన నీళ్లను బకెట్లలోకి పట్టి ఇల్లు తుడవడానికి ఉంచుకోండి. అడుగు బురదను కింది వాల్వు తిప్పి వదిలేయండి. పొడుగు కర్రకు నైలాన్ బ్రష్షు కట్టి గోడలు, అడుగు, మూత లోపలి వైపు రుద్దండి. సబ్బు పొడి వద్దు. ఆ నురగ ఎన్ని కడుగులకూ వదలదు. రెండు బిందెల నీళ్లతో కడిగి వదిలేయండి.

తర్వాత ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్లో ఇరవై గ్రాముల పొడి కలపండి. ముందు నీళ్లు, తర్వాత పొడి. పావుగంట కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లనే వాడాలి. బ్రష్షును అందులో ముంచి గోడలన్నీ తడపండి. అరగంట ఆరనివ్వకుండా మధ్యలో మరోసారి తడపండి.

ఇప్పుడు మేడ మీది ట్యాంకులోకి రెండు వందల లీటర్ల నీళ్లు పట్టి, నలభై గ్రాముల పొడి కలిపి తేర్చిన నీళ్లు పోయండి. కింద ఇంట్లో ఒక్కో కొళాయి తిప్పండి. దూరంగా ఉన్నదానితో మొదలుపెట్టండి. ఘాటు వాసన రాగానే కట్టేసి తర్వాతి దానికి వెళ్లండి. స్నానాల గది షవరు, దొడ్లో చేతులు కడిగే కొళాయి, ఏదీ మరిచిపోవద్దు. అంతా అయ్యాక నాలుగు గంటలు ఎవరూ కొళాయి ముట్టకూడదు. రాత్రి పడుకునే ముందు ఈ పని పెట్టుకుంటే తెల్లారేదాకా ఉంటుంది. ఇంకా మేలు.

మనం మరిచిపోయేదీ, ఆ బండివాళ్లు మరిచిపోనిదీ ఇదే... గొట్టాలు! ట్యాంకు అద్దంలా కడిగి, గోడలోని గొట్టాలను వదిలేస్తే సగం పనే అయినట్టు.

తెల్లారి ఆ నీళ్లను మరుగుదొడ్డికీ, బచ్చలి కడగడానికీ వాడుకోండి. చెట్లకు పోయకండి, పశువులకు పెట్టకండి, చెరువులోకో వాగులోకో వదలకండి. తర్వాత మంచినీళ్లు పట్టి, ఒక్కో కొళాయీ ఘాటు వాసన పోయేదాకా వదలండి.

రెండు జాగ్రత్తలు. మందు పోయడానికి ముందే నీళ్ల ఫిల్టరుకు వెళ్లే కొళాయి కట్టేయండి. ఆర్వో మిషను లోపలి పొర అంత క్లోరిన్‌కు తట్టుకోదు, పాడైపోతుంది. గీజరు ఆపి, దానికి వెళ్లే వాల్వు కూడా కట్టేయండి. బ్లీచింగ్ పౌడరును మరుగుదొడ్డి కడిగే యాసిడుతో ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. వచ్చేది విషవాయువు. గ్లవుజులు వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పొలంలో టమోటాకు పురుగుమందు కొట్టిన స్ప్రేయరు ఉంది కదా, దాంతో గోడలకు కొడదాం అనుకునేవారు ఉంటారు. ఎన్నిసార్లు కడిగినా ఆ స్ప్రేయరు ట్యాంకు దరిదాపులకు రాకూడదు.

సంపులోకి దిగొద్దు

ఈ వారం వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి. సంపు కడగడానికి లోపలికి దిగి ఊపిరాడక చనిపోయినవారి వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఒకడు పడిపోతే వాణ్ని లాగడానికి తమ్ముడు దిగుతాడు. వాడి కోసం ఇంకొకడు. ఒకే ఇంట్లో ఇద్దరు, ముగ్గురు.

ఎందుకలా? చాలాకాలం మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. కుళ్లిన బురద నుంచి వచ్చే వాయువులు అడుగున పేరుకుంటాయి. దిగినవాడికి కేక వేసే వ్యవధి కూడా ఉండదు. కళ్లు తిరిగి అక్కడే కూలిపోతాడు. దీపం దించి చూడటం పెద్దవాళ్లు చెప్పిన పద్ధతి. దీపం ఆరిపోతే ప్రాణవాయువు లేదని తెలుస్తుంది. నిజమే. కానీ దీపం వెలుగుతోంది కదా అని లోపల విషవాయువు లేదనుకోవడానికి లేదు.

కాబట్టి పైనుంచే పొడుగు కర్ర బ్రష్షుతో తోమండి. బురదను పంపుతో పైకి లాగించండి. అడుగున ఏముందో చూడటానికి టార్చిలైటు చాలు. పైనుంచి కుదరని పెద్ద సంపయితే, గాలి పంపే బ్లోయరూ, నడుముకు కట్టే తాళ్లూ ఉండి ఈ పని తెలిసినవాళ్లను పిలవండి. వాళ్లయినా మూత ముందు రోజే తీసిపెట్టి, గాలి బాగా ఆడాకే దిగాలి. పైన ఇద్దరుండాలి. డీజిలు ఇంజను సంపు దగ్గర పెట్టకూడదు. క్లోరిన్ నీళ్లు పోశాక ఎవరూ లోపలికి తొంగి చూడను కూడా వద్దు. ఒకవేళ ఎవరైనా పడిపోతే, ఎంత ప్రాణసమానమైనవారైనా సరే, వెంటనే దూకకండి. 101కి, 108కి ఫోను చేయండి. గాలి పంపండి. తాడు ఉంటే లాగండి.

పని అయ్యాక మూతకు తాళం వేయండి. పసిపిల్లలున్న ఇంట్లో అది తప్పనిసరి.

రోజువారీ సంగతి

ఆర్నెల్లకోసారి ఇలా కడిగితే, మధ్యలో పని సులువు. ట్యాంకరు వచ్చినప్పుడు గొట్టం కొసను ఒక చెంబు నీళ్లతో కడిగించి లోపలికి వదలనివ్వండి. ఆ నీళ్లను ఏ బోరు దగ్గర పట్టారో అడగండి. అడగడం మన హక్కే. సంపులో పడ్డ కొత్త నీళ్లకు వెయ్యి లీటర్లకు ఐదు గ్రాముల చొప్పున పొడిని బకెట్లో కలిపి, తేర్చి పోయండి. ఐదు వేల లీటర్ల సంపుకు పాతిక గ్రాములు. ఒక గంట ఆగి మోటారు వేయండి. కిరాణా కొట్టులోనే పాతిక గ్రాముల పొట్లాలు తూకం వేయించి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో చీకటిగా, పొడిగా ఉండే చోట పెట్టుకుంటే ప్రతిసారీ తూచే బాధ ఉండదు. వంట సామాన్ల పక్కన మాత్రం వద్దు.

మునిసిపాలిటీ నీళ్లు వచ్చే ఇళ్లలో ఇంత అవసరం ఉండకపోవచ్చు. వాటిలో అప్పటికే క్లోరిన్ కలుపుతారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం కొళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చిన్న పరీక్ష సామగ్రి ఉంటుంది. నీళ్లలో చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. క్రిములున్నాయా లేవా చూసే సీసా ఇంకొకటుంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులుంచాక నల్లబడితే ఆ నీళ్లు తాగకూడదన్నమాట.

ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. క్లోరిన్ అన్నిటికీ మందు కాదు. లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండే ఊళ్లు మన సీమలో ఉన్నాయి. క్లోరిన్ వేసినా అది పోదు. కాచినా పోదు. నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దానికి ఆర్వోలాంటివే దారి. అనుమానముంటే బోరు నీళ్లను ఒకసారి పరీక్ష చేయించుకోండి. ఇంట్లో పసివాళ్లు, గర్భిణులు, జబ్బుపడి లేచినవాళ్లు ఉంటే తాగే నీళ్లను తెర్లే దాకా కాచి, ఒక నిమిషం అట్లాగే తెర్లనిచ్చి చల్లార్చి ఇవ్వండి.

మూత మీద తేదీ

ఎప్పుడు కడగాలో గుర్తుండటానికి మా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. ''ఉగాదికి ఇల్లంతా దులుపుతాం. దసరాకు సామానంతా తోముతాం. ఆ రెండు పండగలకూ ముందు ట్యాంకు కూడా కడిగితే సరిపోదా?'' అని. లెక్క చూస్తే సరిగ్గా ఆర్నెల్లు! రంజానో, క్రిస్మసో, మీ ఇంట్లో ఏది పెద్ద పండగైతే ఆ లెక్కనే పెట్టుకోండి. ఏడాదికి రెండుసార్లు రావడం ముఖ్యం.

మా సంపు కడగడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. ఎవరం లోపలికి దిగలేదు. పంపుతో లాగిస్తే మూడు బకెట్ల బురద వచ్చింది. దాంతోపాటు ఒక చెప్పు, ఒక క్రికెట్ బంతి, ఎప్పుడో పోయిందని మా ఆవిడ పని మనిషిని అనుమానించిన స్టీలు గరిటె. గరిటె చూసి ఆమె కాసేపు మాట్లాడలేదు. మరునాడు పొద్దున ఆ పిల్ల వచ్చీ రాగానే విషయం చెప్పి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది.

కుప్పంలో మా చెల్లెలు ట్యాంకు మూత కొత్తది వేయించింది. పాప మళ్లీ బడికెళ్తోంది. పుంగనూరులో మా పెద్దమ్మ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. కానీ ఆవు తొట్టి మాత్రం ఈమధ్య రోజూ తోమిస్తోందట.

మా అల్లుడు ప్రయాణం నుంచి తిరిగొచ్చి ఫోను చేశాడు. కొండలు, జలపాతాలు అంటూ ఏవేవో చెప్పాడు. అంతా విని, ''ఒరే అల్లుడూ, మొన్న నువ్వొకటి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడడుగు'' అన్నాను.

''ఏంటి మామా?''

''సంపు ఎప్పుడు కడిగారని.''

వాడు నవ్వాడు. నేను మాత్రం నవ్వకుండా తేదీ చెప్పాను. మూత లోపలి వైపు తెల్ల పెయింటుతో రాసి పెట్టుకున్నా మరి.

మీరూ ఈ పేపరు పక్కన పెట్టి, ఒకసారి వెళ్లి మూత తీసి చూడండి. దిగొద్దు... చూడండి చాలు.